ఓడర్ నదిలో చేపలు చచ్చింది కరవుకా, గనుల ఉప్పుకా?

ఓడర్ గట్టు:
నేనుండేది జర్మనీ తూర్పు అంచున, ఓడర్ నది ఒడ్డునున్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో. మన విమానాలు దిగే పెద్ద ఫ్రాంక్‌ఫర్ట్ వేరు. ఇక్కడ నది దాటితే పోలండ్. 2022 జూలై చివర్లో పోలండ్‌లోని ఓవావా దగ్గర చచ్చిన చేపలు కనిపించాయి. ఆగస్టు రెండో వారానికి మా ఒడ్డుకీ వచ్చాయి. మొత్తం 360 టన్నుల దాకా పోయాయని యూరోపియన్ కమిషన్ నివేదిక అంచనా. మొదట పాదరసం అన్నారు, అది రుజువు కాలేదు. బాధ్యుల్ని పట్టిస్తే పది లక్షల జ్లోటీలు (పోలండ్ డబ్బు) ఇస్తామని పోలండ్ పోలీసులు ప్రకటించారు. చివరికి బయటపడింది ప్రిమ్నీషియం పార్వమ్ అనే నాచు. బంగారు నాచు అంటారు. మామూలుగా అది ఉప్పుటేర్లలో, నది సముద్రంలో కలిసే చోట బతుకుతుంది. అలాంటిది సముద్రానికి వందల కిలోమీటర్ల ఎగువన ఎలా పెరిగింది? గనులు వదిలే ఉప్పునీళ్ళ వల్లే అంటాను నేను. ఇక్కడి మనవాళ్ళు చాలామంది ‘ఆ ఏడు కరవు, ఎండలు, అంతే’ అంటున్నారు. మీరేమంటారు?

బాయి బిడ్డ, గోదావరిఖని:
మా నాన్న బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యారు. నీళ్ళు తోడకుండా బాయి నడవదు. పంపు ఆగితే కింద ఉన్న మనుషుల ప్రాణాలకే ముప్పు. మూసేసిన గనిలో కూడా తోడుతూ ఉండాలి, లేకపోతే ఆ నీళ్ళు పక్క గనిలోకి దిగుతాయి. పోలండ్ దక్షిణాన ఉన్న బొగ్గు ప్రాంతం సైలీషియా గనుల లోతున ఊరే నీళ్ళే ఉప్పగా ఉంటే కార్మికుడు ఏం చేస్తాడు? పైగా ఆ నీళ్ళు ఓడర్‌లో కలవడం 2022లో మొదలైంది కాదు, ఎన్నో దశాబ్దాలుగా ఉన్నదే. పర్మిషన్ ఇచ్చిందీ ప్రభుత్వమే. ఆ ఏడు కొత్తగా వచ్చింది కరవు. మరి తప్పు ఉప్పు మీదకి ఎందుకు నెడుతున్నారు?

చేపల చెరువు, కైకలూరు:
నాకూ అదే అనుమానం. ఎండాకాలంలో నీళ్ళు తగ్గి, నాచు ముదిరి, తెల్లవారుజామున డీవో (నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్) పడిపోతే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకి నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ తిరక్కపోతే పొద్దున్నకి చెరువంతా తెల్లగా తేలుతుంది. ఒక ఏడాది నా చెరువులో అలాగే పోయాయి, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. ఓడర్‌లో జరిగింది కూడా ఇదే కాదా? ఇంకోటి, అక్కడ ఉప్పు ఎంత ఉంది?

ఓడర్ గట్టు:
ఫ్రాంక్‌ఫర్ట్‌లో నది నీటిని ఎప్పటికప్పుడు కొలిచే కేంద్రం ఉందండీ. ఆగస్టు మొదట్లో అక్కడ డీవో పడిపోలేదు, పెరిగింది. పీహెచ్ కూడా పెరిగింది. నాచు ఎండలో పెరుగుతూ ఆక్సిజన్ వదులుతుంది, పీహెచ్‌నీ పెంచుతుంది. అంటే నీళ్ళలో నాచు విపరీతంగా పెరుగుతోందన్నమాట. ఉప్పు ఎంత అంటే, ఉప్పు పెరిగేకొద్దీ పెరిగే నీటి విద్యుత్ వాహకత 2000 మైక్రోసీమెన్స్ దాకా వెళ్ళింది. మీ లెక్కలో సుమారు ఒక పీపీటీ, అంటే లీటరు నీళ్ళకి ఒక గ్రాము ఉప్పు.

చేపల చెరువు, కైకలూరు:
ఒక్క పీపీటీయేనా? మా బొచ్చె, శీలావతి అంతకంటే ఎక్కువే తట్టుకుంటాయి. ఉప్పు చంపిందంటే నేను నమ్మను.

ఓడర్ గట్టు:
మీరన్నది నిజం. ఉప్పు నేరుగా చేపని చంపలేదు. మంచినీళ్ళలో బతకలేని నాచుకి బతుకునిచ్చింది. ఆ నాచు వదిలే విషం చేప మొప్పల్ని పాడుచేస్తుంది. నీళ్ళలో గాలి నిండా ఉన్నా చేప పీల్చుకోలేదు. అందుకే డీవో బాగున్న చోట కూడా చచ్చాయి. చేప కనీసం ఏ ఉపనదిలోకో తప్పుకోగలదు. ఆల్చిప్పలు, నత్తలు ఎక్కడికి పోతాయి? అవీ భారీగానే పోయాయి, వాటిని లెక్కపెట్టేవాళ్ళు తక్కువ.

బాయి బిడ్డ గారూ, కరవు సంగతి మీరు సరిగ్గానే చెప్పారు, కానీ నాకు అది ఉప్పుని తప్పించే మాటలా లేదు. చారు మరిగి సగమైతే ఉప్పెక్కుతుంది కదా, నది తగ్గినప్పుడూ అంతే. గని నీళ్ళు వదిలే పైపు మాత్రం వరదలో ఎంత వదలొచ్చో ఎండలోనూ అంతే వదలొచ్చంటే, ప్రతి పైపూ పర్మిషన్ లోపలే ఉంటుంది, నది మాత్రం చస్తుంది. నా కోపం కార్మికుల మీద కాదు, ఆ పర్మిషన్ రాసిన తీరు మీద. ఎగువన బ్యారేజీల వెనక నీళ్ళు కదలకుండా నిలవడం, పొలాల నుంచీ మురుగు నుంచీ వచ్చే భాస్వరం, ఇవీ నాచుకి సాయపడ్డాయి. అవన్నీ ఉన్నా, ఉప్పు లేకపోతే ఈ నాచు ఇంతలా పెరిగేది కాదు.

పిట్స్‌బర్గ్ వాసి:
2009 సెప్టెంబర్‌లో మా దగ్గర డంకర్డ్ క్రీక్ అనే ఏరులో అచ్చం ఇలాగే జరిగింది. పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా సరిహద్దున పారే ఏరు. అదే బంగారు నాచు, అవే బొగ్గు గనుల ఉప్పునీళ్ళు. తర్వాత గని నీళ్ళలోంచి ఉప్పు తీసే రివర్స్ ఆస్మోసిస్ ప్లాంటు కట్టారు. గనులు ఆగలేదు.

బాయి బిడ్డ, గోదావరిఖని:
పంపు ఆపమనడం లేదంటే సగం ఒప్పుకుంటాను. కానీ ప్లాంటు ఎంత కరెంటు తాగుతుందో, తీసిన ఉప్పు గుట్టల్ని ఎక్కడ పోస్తారో కూడా చెప్పండి. ఆ ఖర్చు మీద పడితే ముందు మూసేది పాత గనుల్నే. అక్కడి కుటుంబాల మాటేంటి?

ఓడర్ గట్టు:
ఖర్చు నిజమే. అన్ని గనులకూ ప్లాంటు ఒకేసారి రాదు. ఈలోగా ఉప్పునీళ్ళని చెరువుల్లో నిలిపి, నది నిండుగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా వదలొచ్చు. ఓడర్ ఎగువన కొన్ని గనులకి అలాంటి ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. దాన్ని మిగతావాటికీ పెట్టమంటున్నాను. 2024 ఆగస్టులో సైలీషియాలోని జెర్జ్నో దూజే జలాశయంలో ఇదే నాచుతో మళ్ళీ చేపలు చచ్చాయి.

చేపల చెరువు, కైకలూరు:
మళ్ళీ వచ్చిందంటే ఆ నాచు అక్కడే ఉండిపోయింది. నేనైతే సెలినిటీ (ఉప్పదనం) చూడకుండా చెరువులోకి నీళ్ళు పెట్టను. వేసవిలో ఆ నది కొలత చూసి, ఈ రోజు పైపు కట్టెయ్ అనగలిగే అధికారం అక్కడ ఎవరికైనా ఇచ్చారా?