బోరు నీళ్ళ మరకలు వదలట్లేదు, యాసిడ్ లేకుండా ఏటి చెయ్యాలి?

బాబామెట్ట_అమ్మాయి (విజయనగరం):
అందరికీ నమస్కారం. ఈ నెలే బాబామెట్టలో అద్దింటికి మారామండి, ఇల్లు బాగుంది గాలీ వెలుతురూ అన్నీ ఉన్నాయి గానీ బాత్రూమ్ చూస్తే ఏడుపొస్తోంది. కుళాయి చుట్టూ తెల్లగా సున్నం పెచ్చులా కట్టీసింది, గోరుతో గీకినా రాదు. బకెట్ పెట్టే మూల టైల్స్ మీద తెల్ల మచ్చలు, వెస్ట్రన్ బేసిన్ లోపల నీళ్ళు కారే చోట ఇటుక రంగు చార, టైల్స్ సందుల్లో నలుపు. ఓనరు గారేమో యాసిడ్ సీసా కొని పోసీమంటున్నారు. మా అత్తయ్యగారికి ఆయాసం, పాప ఇంకా పాకుతోంది, ఆ ఘాటు ఇంట్లోకి తేవడం నాకస్సలు ఇష్టం లేదు. వంటింట్లో ఉండేవాటితో పోతాయా? వెనిగర్లో తినే సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి మొత్తం వదిలిపోద్ది అని వీడియోల్లో చూపిస్తున్నారు, నిజమేనా?

బొబ్బిలి_వదిన:
యాసిడ్ వద్దమ్మా, ఆయాసం మనిషి ఉన్న ఇంట్లో అసలొద్దు. ఇత్తడి బిందెలు చింతపండుతోనే కదా తోముతాం, ఆ పులుపే ఇక్కడా పన్చేస్తాది. చారుకి పిసికీసిన పిప్పి పారీకుండా ఉంచి, ఇంత రాళ్ళ ఉప్పు కలిపి టైల్స్ మచ్చల మీద మెత్తీసి అరగంట వదిలీ, తర్వాత కొబ్బరి పీచుతో రుద్దు. స్టీలు పీచు మాత్రం పెట్టకు, టైలు నునుపు పోయి గరుకైపోతే మురికి ఇంకా పట్టీస్తాది. సందుల్లో పిప్పి ఉండిపోతే రంగు దిగుతాది, బాగా కడిగీ.

ఆమదాలవలస_మాస్టారు:
ముందు ఆ వెనిగర్-సోడా సంగతి చెప్తాను. వెనిగర్ ఆమ్లం, తినే సోడా క్షారం, రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి తీసేస్తాయి. ఆ పొంగంతా కార్బన్ డయాక్సైడే, చివరికి మిగిలేది సోడియం ఎసిటేట్ నీళ్ళు, వాటికి ఏ మరకా కరగదు. అందుకని మరకని బట్టి దేనికది విడిగా వాడాలండి. మీ కుళాయి మీద పెచ్చు చాలావరకు కాల్షియం కార్బొనేట్, బోరు నీళ్ళు ఆరిపోయాక అందులోని కాల్షియం, మెగ్నీషియం అలా గట్టిపడిపోతాయి, అది పులుపుకే లొంగుతుంది. గంటస్తంభం వైపు కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అడగండి, సిట్రిక్ యాసిడ్ అంటే అదే. అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో 2 టేబుల్ స్పూన్లు కలిపి, పాత గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఆగితే పెచ్చు మెత్తబడి పాత టూత్‌బ్రష్‌కే ఊడొచ్చేస్తుంది. రాత్రంతా ఉంచొద్దు, కుళాయి మెరుపు పోతుంది. సబ్బు జిడ్డుకైతే పులుపు కాదు, తినే సోడా ముద్దలా చేసి రుద్దండి. ఇటుక రంగు చార ఇనుముది, దానికీ నిమ్మ ఉప్పే. బ్లీచింగ్ వేస్తే ఇనుము మరక ఇంకా ముదురుతుంది.

ఇంకొకటి, దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి. బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్ గానీ పడితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తలుపేసిన చిన్న బాత్రూమ్‌లో అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే ఊపిరాడనివ్వదు, మీ అత్తయ్యగారి సంగతి చెప్పక్కర్లేదు.

అరసవల్లి_టైల్స్:
కింద కడప రాయి గానీ మార్బుల్ గానీ ఉందేటమ్మా? ఉంటే ఈ పులుపులేవీ పొయ్యకండి, అవి సున్నపు జాతి రాళ్ళు, నిమ్మరసం చుక్క పడినా ఆ మేర మెరుపు పోయి మచ్చ తేలీసి ఉంటది, మళ్ళీ పాలిష్ పెట్టిస్తే తప్ప పోదు. మన టెక్కలి గ్రానైట్ అయితే అంత భయం లేదు. టైల్స్ సందుల్లో సిమెంట్‌ని కూడా పులుపు తినీస్తది, అందుకే ముందు మామూలు నీళ్ళు కొట్టి సందులు నాననియ్యండి, అప్పుడు పులుపు లోపలికి తక్కువ పీలుస్తది. నలుపుకి సోడా ముద్ద పట్టించి బ్రష్‌తో తోమీసి, స్నానాలయ్యాక కిటికీ తీసీసి ఉంచండి, తడి ఆరకపోతే ఆ బూజు మళ్ళీ వచ్చీస్తది.

బాబామెట్ట_అమ్మాయి:
మాస్టారు గారూ, కుళాయి పెచ్చు వచ్చీసిందండీ! కింద నుంచి స్టీలు కనిపిస్తుంటే మా అత్తయ్యగారు కొత్త కుళాయి వేయించావేటి అనడిగారు. వదినా, చింతపండుతో టైల్స్ మచ్చలు చాలావరకు తగ్గాయి. కింద రాయి కాదండి, టైల్సే. బేసిన్లో చార పైన పోయింది గానీ నీళ్ళు నిలిచే చోట గీత అలాగే ఉంది, ఏం చెయ్యాలి?

ఆమదాలవలస_మాస్టారు:
నీళ్ళున్న చోట పులుపు పలచనైపోతుంది కదమ్మా. బ్రష్‌తో ఆ నీళ్ళు వంపులోకి తోసీసి, టిష్యూ పేపర్లు నిమ్మ ఉప్పు నీళ్ళలో తడిపి గీత మీద అతికించి, అందరూ పడుకున్నాక వదిలేయండి, పింగాణీకి ఏమీ కాదు. పొద్దున్నే బ్రష్ కొట్టి ఫ్లష్ చెయ్యండి. అయినా వారానికే చార మళ్ళీ మొదలైతే ట్యాంకు లీకవుతుందేమో చూడాలి. ట్యాంకులో కాస్త బట్టల నీలిమందు వేసి, ఫ్లష్ కొట్టకుండా ఒక గంట ఆగండి. బేసిన్లోకి నీలం దిగిందంటే లోపల వాషర్ పోయినట్టే, ఓనరు గారికి చెప్పి మార్పించుకోండి.