20 వేలలో రోజూ పెట్టుకునే వాచీ: స్మార్ట్ కొనాలా, ఆటోమేటిక్ కొనాలా?

నైట్‌షిఫ్ట్_నాని:
ఆఫీసుకి రోజూ పెట్టుకోవడానికి వాచీ కొందామనుకుంటున్నా. బడ్జెట్ 20 వేలు, మహా అయితే ఇంకో రెండు. గచ్చిబౌలికి బైక్ మీదే రాకపోకలు, చెమట బాగా పడుతుంది, వానలో తడవడం కూడా తప్పదు. మా టీంలో సగం మందివి స్మార్ట్‌వాచీలే, ఒకాయన మాత్రం బ్యాటరీ లేకుండా చేతి కదలికతోనే నడిచే, వెనక అద్దంలోంచి చక్రాలు తిరుగుతూ కనిపించే ఆటోమేటిక్ పెట్టుకొస్తాడు, అది చూసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. కానీ అంత పెట్టి కొన్నా టైం కరెక్టుగా చూపించదంటున్నారు, నిజమేనా? నా మణికట్టు సన్నం, చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. త్వరలో అన్న పెళ్లి కూడా ఉంది, పంచెకీ సూటుకీ రెండింటికీ నప్పితే ఇంకా మంచిది.

గడియారం_గోల:
నిజమే తమ్ముడూ. సీకో 5 వాచీల్లో వచ్చే 4ఆర్36 మెషీన్‌కి కంపెనీయే రోజుకి 45 సెకన్లు ముందుకి, 35 సెకన్లు వెనక్కి తేడా ఉండొచ్చని చెబుతుంది. మామూలుగా అంత రాదు కానీ వారానికి ఒకటి రెండు నిమిషాలు తప్పితే కంగారుపడి షాపుకి పరిగెత్తక్కర్లేదు. అదే మామూలు క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ అయితే నెలకి అర నిమిషం లోపే, ఎందుకంటే అలాంటి బ్యాటరీ వాచీలో ఉండే క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, ఆటోమేటిక్‌లో బ్యాలెన్స్ చక్రం సెకనుకి ఆరుసార్లే కొట్టుకుంటుంది. టైం కోసమైతే ఆటోమేటిక్ ఎవరూ కొనరు, ముచ్చటపడి కొంటారంతే. శుక్రవారం రాత్రి తీసి పెట్టేస్తే 41 గంటలు నడిచి ఆదివారం మధ్యాహ్నానికి ఆగిపోతుంది, సోమవారం పొద్దున అన్నీ మళ్లీ తిప్పుకోవాలి. ఇంకోటి, పేరులోనే నైట్‌షిఫ్ట్ ఉంది కాబట్టి చెబుతున్నా, వాచీలో రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 మధ్య టైం ఉన్నప్పుడు తేదీ మార్చకు, లోపల పళ్ల చక్రాలు దెబ్బతింటాయి.

బెజవాడ_బుల్లోడు:
నేను స్మార్ట్‌వాచీ వాడుతున్నా, తిట్టను. బైక్ మీద ఉన్నప్పుడు ఫోన్ ఎవరు చేశారో తెలుస్తుంది, నడక లెక్క తెలుస్తుంది, అలారం మోగితే పక్కవాళ్లు లేవరు. కానీ దాన్ని నగలా చూడకు బ్రో, అది చేతికి కట్టుకున్న ఫోన్. మూడు నాలుగేళ్లకి బ్యాటరీ నీరసపడుతుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి, అద్దం పగిలితే బాగు చేయించే ఖర్చుతో చాలాసార్లు కొత్తదే వస్తుంది. పైగా పట్టు పంచె మీద నల్లటి రబ్బరు బెల్టు... పెళ్లి ఫొటోలు ఇరవై ఏళ్లు ఉంటాయి, ఆలోచించుకో. రెండు మూడు వేలవాటిలో ఆక్సిజన్, బీపీ అని చూపించే అంకెల్ని నమ్మి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం మానకు.

సన్నచేతుల_సంఘం:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు, సైజు. 16 సెంటీమీటర్ల చేతికి 36 నుంచి 40 మిల్లీమీటర్ల డయల్ చాలు. డయల్ కన్నా ముఖ్యం, బెల్టు తగిలించే పైకొమ్ము నుంచి కింది కొమ్ము దాకా పొడవు, అది మణికట్టు అంచు దాటి బయటికి వచ్చిందంటే ఎంత ఖరీదైన వాచీ అయినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. ఆన్‌లైన్ ఫొటోలో ఇది తెలీదు, షాపుకెళ్లి చేతికి పెట్టి చూడాల్సిందే.

నీ వాడకానికి నేనైతే సిటిజన్ ఎకో-డ్రైవ్ చెబుతా. డయల్ మీద పడే వెలుతురుతో చార్జ్ అవుతుంది, క్వార్ట్జ్ కాబట్టి టైం తప్పదు, పూర్తిగా చార్జ్ అయితే నెలల తరబడి చీకట్లో పడున్నా నడుస్తుంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా వెనక మూత తీసి, రబ్బరు సరిగ్గా కూర్చోబెట్టక నీళ్లు దూరడం అనే గొడవ కూడా ఉండదు. నీళ్లంటే గుర్తొచ్చింది, వెనకాల 30 మీటర్లు అని రాసుంటే అది లోతు కాదు, చేతులు కడుక్కోవడానికి సరిపోతుందని అర్థం. నువ్వు వానలో తిరుగుతావు కాబట్టి 100 మీటర్లది తీసుకో. లెదర్ బెల్టు వద్దే వద్దు, మన ఎండలకి ఒక్క వేసవిలో వాసనొస్తుంది. స్టీలు చైను తీసుకో, పెళ్లికీ అదే బాగుంటుంది.

గడియారం_గోల:
సోలార్‌కి నేనూ ఓటేస్తా, కానీ వెనక చక్రాలు కనపడవు కదా, వాడు అడిగిందే అది 😄

నైట్‌షిఫ్ట్_నాని:
అందరికీ థాంక్స్. ఇంట్లో చెబితే నాన్న బీరువాలోంచి హెచ్ఎంటీ కీ వాచీ తీసిచ్చారు, పెళ్లిలో మామగారు పెట్టిందట. కీ ఇస్తే కాసేపు నడిచి ఆగిపోతోంది. దీన్ని బాగు చేయిస్తే సరిపోతుందా?

గడియారం_గోల:
సరిపోవడమేంటి, ముందు ఆ పని చెయ్యి! లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, విప్పి కడిగి నూనె వేస్తే చాలావరకు లేచి కూర్చుంటాయి. హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ 1961లో బెంగళూరులో సిటిజన్ సాయంతోనే మొదలైంది, గట్టి మెషీన్లు. కోఠి, అబిడ్స్ వైపు పాత రిపేరు షాపుల్లో అడుగు. డయల్‌కి కొత్త రంగు వేస్తామంటే మాత్రం ఒప్పుకోకు, ఆన్‌లైన్‌లో అమ్మే రంగురంగుల పాత హెచ్ఎంటీల్లో చాలావరకు అలా పూసినవే.

సన్నచేతుల_సంఘం:
ఆ పాతవి చిన్నగా ఉంటాయి, నీ చేతికి సరిగ్గా సరిపోతుంది. పెళ్లికి అది పెట్టుకో. కానీ వానలో బైక్ మీదకి మాత్రం తీసుకెళ్లకు, దానికి ఆఫీసుది వేరే కొనుక్కో.