ధ్వని ప్రవాహం: ప్రవహించేది ధ్వనా, ద్రవమా?

అకౌస్టిక్ స్ట్రీమింగ్ (ధ్వని తగిలి ద్రవమో గాలో ఒక వైపుకు సాగడం) మీద తెలుగులో వ్యాసం రాస్తూ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. 'ధ్వని ప్రవాహం' అని రాస్తే ఎవరైనా షష్ఠీ తత్పురుషంగానే విడదీస్తారు: ధ్వని యొక్క ప్రవాహం. కానీ ఇక్కడ ప్రవహించేది నీరో గాలో. అల్ట్రాసౌండ్ తగిలిన నీరు ఉన్నచోట ఊగడంతో ఆగదు, మెల్లగా ఒక వైపుకు సాగుతుంది, సుడులు తిరుగుతుంది. కంపించే పలకల మీద తేలికైన పొడి పోగుపడటానికి గాలి ప్రవాహాలే కారణమని 1831లో ఫారడే చెప్పాడు. 1884లో భౌతికశాస్త్రవేత్త రేలీ దానికి గణితం కట్టాడు. మనకు కావలసింది 'గుణహీనుడు' లాంటి తృతీయా తత్పురుషం, ధ్వని చేత కలిగిన ప్రవాహం. 'ధ్వనిజనిత ప్రవాహం' బాగుంటుందా?

జవాబు: బాగుందండీ. నా ఇబ్బంది రేడియేషన్ ఫోర్స్‌తో, అంటే ద్రవంలోని రేణువును ధ్వని తరంగం నెట్టే బలంతో. 'వికిరణ బలం' అంటే చదివేవారికి అణుధార్మికత తడుతుంది. 'ధ్వని ఒత్తిడి' అందామంటే అది క్షణక్షణం మారే పీడనం. తరంగం రేణువును నెడుతోంది కాబట్టి 'ధ్వని తోపుడు' అనండి. తోపుడు బండిలో అందరూ వినే మాటే కదా.

ఇంకొకరు: వ్యాసంలో 'అరేఖీయం' (నాన్‌లీనియర్, ఫలితం కారణానికి సూటి నిష్పత్తిలో లేనిది) అన్న మాట వస్తే దాన్ని మాత్రం విప్పి చెప్పండి, విషయమంతా అందులోనే ఉంది. ఊపు ఎంత ముందుకో అంత వెనక్కి, సగటు సున్నా. అదే ఊపును వర్గం చేస్తే సగటు సున్నా కాదు. ఆ మిగిలినదే తోపుడూ, ప్రవాహమూ. అందుకే పీడనం ఊపు రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది.

మొదట అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలండీ. 'తోపుడు' తీసుకుంటున్నాను. ఈ రెండు మాటలూ విడిగా ఉండటం ఎంత అవసరమో రేణువుల దగ్గర తెలుస్తుంది. తోపుడు రేణువు ఘనపరిమాణాన్ని బట్టి, ప్రవాహం లాగే బలం వ్యాసార్థాన్ని బట్టి పెరుగుతాయి. నీటిలో 2 మెగాహెర్ట్జ్ దగ్గర పాలీస్టైరీన్ పూసలకు హద్దు సుమారు ఒకటిన్నర మైక్రాన్ల వ్యాసం. అంతకు పెద్దవి బారులు తీరతాయి, చిన్నవి సుడిలో పడి తిరుగుతాయి. ఇక ఆ బారులు తీరే చోటును పాఠ్యపుస్తకాల్లోలా ఊరికే 'అస్పందన స్థానం' (నోడ్, స్థిర తరంగంలో ఊపు లేని చోటు) అనలేం. అక్కడ పీడనం మారదు గానీ నీరు గట్టిగా ఊగుతుంది. 'పీడన అస్పందన స్థానం' అని పూర్తిగా రాస్తాను, పొడవైనా సరే.