రెండూ రై విస్కీలే, ఒకదాంట్లో సోయకూర వాసన ఏంటి?

కొలంబస్ కుర్రాడు:
ఇండియాలో ఉన్నప్పుడు ఏదో ఒక విస్కీ, పైన సోడా, అంతకుమించి నాకేం తెలీదు. మొన్న బులెట్ రై, రిటన్‌హౌస్ రై తెచ్చి శుక్రవారం రాత్రి ఒక్కో పెగ్గు వేసుకున్నా. బులెట్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే పుదీనా, దాని వెనకే సోయకూర వాసన, నిజంగా మా అమ్మ పప్పులో వేసే సోయకూరే. రిటన్‌హౌస్ ఏమో తియ్యగా, లవంగం కొరికినట్టు ఉండి గొంతు మండించింది. ఒకటి గానీ పాడైందా? వచ్చే వారం మా బావ వస్తున్నాడు, స్కాచ్ తప్ప ముట్టడు, ఆయనకి ఏది పోయాలి?

పీపాల రావు:
ఏదీ పాడవలేదు తమ్ముడూ. అమెరికాలో రై విస్కీ అనాలంటే వాడే ధాన్యంలో కనీసం 51 శాతం రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో పెట్టాలి. 51 దాటాక ఎంత వేసుకుంటారో వాళ్లిష్టం, నీకు తగిలిన తేడా అదే. బులెట్‌లో 95 శాతం రై, మిగతా 5 మొలకెత్తించిన బార్లీ, మొక్కజొన్న అసలు లేదు. ఇండియానాలో లారెన్స్‌బర్గ్ అనే ఊళ్లో పెద్ద డిస్టిలరీ ఉంది, ఈ 95 శాతం సరుకు అక్కడిదే, చాలా బ్రాండ్లు కొని తమ లేబుల్ వేసుకున్నాయి, అందుకే వేరే సీసా కొన్నా నీకు మళ్లీ ఆ సోయకూరే తగలొచ్చు. రిటన్‌హౌస్ కెంటకీ పద్ధతి, 51 దగ్గరే ఆగుతుంది, మిగతాది ఎక్కువగా మొక్కజొన్న, అందుకే బోర్బన్‌కి (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ) చుట్టంలా ఉంటుంది. (కెనడా సీసా మీద రై అని ఉంటే మాత్రం ఈ లెక్క వేయకు, అక్కడ ఇంత శాతం ఉండాలన్న రూలే లేదు.)

సోడా వద్దు:
రావు గారు మంట సంగతి వదిలేశారు. రిటన్‌హౌస్ మీద 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని ఉంటుంది, అది 1897 నాటి చట్టం, కనీసం 4 ఏళ్లు పీపాలో ఉండాలి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో సీసాలో పోయాలి. బులెట్ 45 శాతమే. అలాగే పోల్చితే మీరు చూసేది ఘాటునే, రుచిని కాదు. 45 ఎంఎల్ రిటన్‌హౌస్‌లో ఒక టీస్పూన్ నీళ్లు పోయండి, అదీ 45 శాతానికి దిగుతుంది. తర్వాత మీ ఆవిడతో మూడు గ్లాసుల్లో పోయించండి, రెండిట్లో ఒకటే, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో కళ్లు మూసుకుని పట్టుకోగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం. ముందు మిరపకాయ బజ్జీలు తినకండి బాబూ.

పీపాల రావు:
టీస్పూన్ లెక్క బావుంది, కానీ ఇంట్లో తాగేవాడికి ఆ ఘాటు కూడా రుచిలో భాగమే, నేనైతే నీళ్లు పోయను.

కొలంబస్ కుర్రాడు:
చేశా. మూడుసార్లు పోయించా, మూడుసార్లూ సోయకూరని పట్టేశా. నీళ్లు పడ్డాక రిటన్‌హౌస్‌లో మంట తగ్గి నారింజ తొక్క లాంటిది పైకొచ్చింది, అది మొదటిరోజు నాకు తెలియనే లేదు. బావ బులెట్ వాసన చూసి "గ్లాసు సరిగ్గా కడగలేదా?" అన్నాడు. రిటన్‌హౌస్ మాత్రం సీసాలో సగం లేదు.