సూపర్‌బర్డ్ మోడల్‌లో ఫ్యాక్టరీ లోపాలు కూడా చేయాలా? నున్నగా చేసేయాలా?

గరుకు_కాగితం (చర్చ మొదలుపెట్టింది)

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా 1/24 స్కేల్లో, అంటే అసలు కారులో ఇరవైనాలుగో వంతు సైజులో, 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్ మోడల్ చేస్తున్నాను. హెమీ అనే బలమైన ఇంజన్ ఉన్న రకం, రంగు లెమన్ ట్విస్ట్ అనే పసుపు. ఇంజన్, అడుగు భాగం అయిపోయాయి. బాడీ దగ్గర ఆగిపోయాను. ఏం చేయాలో తేల్చుకోలేక రెండు వారాలుగా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఈ కారు సంగతి తెలియనివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తాను. ప్లిమత్ కంపెనీ రోడ్ రన్నర్ కారుకి ముందు పొడుగాటి రేకు ముక్కు, వెనక నిలువెత్తు అల్యూమినియం రెక్క తగిలిస్తే సూపర్‌బర్డ్. అమెరికాలో నాస్కార్ కారు రేసుల్లో దింపాలంటే అలాంటి కార్లనే జనానికి కూడా అమ్మాలని అప్పటి రూలు. 1969లో ఇలాంటిదే అయిన డాడ్జ్ చార్జర్ డేటోనాకి 500 చేస్తే సరిపోయింది. 1970కి రూలు మారి, ఇద్దరు డీలర్లకి ఒక కారు లెక్కన చేయాల్సి వచ్చింది. అలా 1,900 పైచిలుకు సూపర్‌బర్డ్‌లు హడావిడిగా బయటికొచ్చాయి. వాటిలో హెమీ ఉన్నవి సుమారు 135.

నా తలనొప్పంతా ఆ హడావిడితోనే. గాలి సాఫీగా జారాలని వెనకద్దం వాలు మార్చి, చుట్టూ కొత్త రేకు వెల్డింగ్ చేశారు. ఆ అతుకుల్ని నున్నగా సాపు చేస్తే ఖర్చు, ఆలస్యం. అందుకని టాపు పైన తోలులాంటి నల్ల వినైల్ షీటు కప్పేశారు. షోరూముకి వచ్చిన సూపర్‌బర్డ్‌లన్నిటికీ నల్ల టాపు ఉండటానికి కారణం అదే. ముక్కు, ఫెండర్లు (ముందు చక్రాల పైన ఉండే రేకులు) కలిసేచోట సందు కూడా చాలా కార్లలో ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ.

మరి నేనేం చేయాలి? 1970లో డీలర్ దగ్గర దిగిన కారులా ఆ వంకర సందు, టాపు కింద అతుకు జాడ చూపించాలా? ఇవాళ వేలంపాటల్లో కనిపించే కార్లలా అద్దంలా చేయాలా? నేను మొదటిదే అనుకుంటున్నాను. తిట్టేవాళ్లు తిట్టండి.

లప్పం_పెయింటు

తిట్టడానికే వచ్చాను తమ్ముడూ. మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. నేను పదో తరగతి సెలవుల నుంచి వాటర్ పేపర్ పట్టుకున్నవాణ్ణి. ఆ అనుభవంతో ఒక్కమాట చెప్తా. లోపాన్ని లోపంలా చూపిస్తే ఎవరూ మెచ్చుకోరు.

నీ బల్ల మీద కారు చూడటానికి మీ బావమరిది వస్తాడు. ముక్కు దగ్గర సందు వంకరగా కనిపిస్తుంది. "బావా, ఇక్కడ సరిగ్గా అతకలేదు" అంటాడు. అప్పుడు నువ్వు 1970, నాస్కార్, డీలర్లు అంటూ హరికథ మొదలెట్టాలి. పక్కన నిలబడి కథ చెప్పేవాడు ఉంటే తప్ప అర్థం కాని పని, పనే కాదు.

వుడ్‌వర్డ్_రోడ్డు

అన్నా, ఒప్పుకోను. నేను డెట్రాయిట్ దగ్గర ఉంటాను. ఏటా ఆగస్టులో ఇక్కడ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అని జరుగుతుంది, పాత కార్లన్నీ రోడ్డెక్కే తిరనాళ్ల లాంటిది. రెండేళ్ల కిందట అక్కడ ఒకే పార్కింగులో రెండు సూపర్‌బర్డ్‌లు చూశాను. ఒకటి కొత్త పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. చుట్టూ జనం, ఫోటోలు. రెండోది ఎవరూ రిపేరు చేయని అసలు కారు. రంగు వెలిసింది. వెనకద్దం కింద మూల దగ్గర వినైల్ అంచు అరంగుళం లేచి ఉంది, దాని కింద తుప్పు గోధుమరంగు గీతలా కనిపిస్తోంది. బానెట్ లోపలి వైపు రంగు మెరవడం లేదు, ఏదో పేరుకి కొట్టినట్టుంది. ఫెండరు సందులో నా చిటికెన వేలి కొస ఒక పక్క దూరింది, రెండో పక్క దూరలేదు.

నేను గంటసేపు నిలబడింది ఆ రెండోదాని దగ్గరే. మొదటిదాన్ని ఈకాలం పెయింటర్లు చేశారు. 1970 నాటి మనుషుల చేతిపని చూడాలంటే రెండోదాని దగ్గరికే రావాలి. గరుకు తమ్ముడూ, వెనక్కి తగ్గకు.

లప్పం_పెయింటు

చిటికెన వేలు దూరిన కారు నిజం కారు కదా బాబూ. పద్దెనిమిదడుగులు దాటిన కారు. ఇతని కారు జానెడు.

పాయింట్_టూ_నాజిల్

ఆ జానెడు దగ్గరే అసలు లెక్కంతా ఉంది. వినండి.

అసలు కారు సందు ఒక పక్క 6 మిల్లీమీటర్లు, ఇంకోపక్క 10 అనుకుందాం. 24తో భాగిస్తే పావు మిల్లీమీటరు, 0.4 మిల్లీమీటర్లు. ఆ తేడా కంటికి లీలగా ఆనుతుంది, అంతే. కానీ మనవాళ్లు ఏం చేస్తారు? "కనపడాలి కదా" అని ఒక మిల్లీమీటరు చీలుస్తారు. అంటే అసలు కారులో 24 మిల్లీమీటర్లు. సందులో బొటనవేలు పెట్టొచ్చు! ప్లిమత్ వాళ్లు మరీ అంత ఘోరంగా చేయలేదు.

రంగు కూడా అంతే. ఫ్యాక్టరీ రంగు బత్తాయి తొక్కలా గతుకులుగా ఉండేదని మోడల్ మీద గతుకులు వదిలేస్తే, ఒక్కో గతుకు అసలు కారు మీద గుప్పెడంత అవుతుంది. ఇతను పసుపు ఎంచుకున్నాడు కాబట్టి బతికిపోయాడు. బ్లూ ఫైర్ మెటాలిక్ లాంటిది వేస్తే అందులో వెండి రేణువులు ఈ సైజులో రూపాయి బిళ్లల్లా కనిపిస్తాయి.

కాబట్టి నా ఓటు ఇటూ కాదు అటూ కాదు. లోపం చేయొచ్చు, కానీ దాన్ని కూడా 24తో భాగించాలి. అలా భాగించాక కంటికి ఆననిది ఏదైనా ఉంటే వదిలేయండి.

ఇంకో సంగతి. మోడల్ కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ బాడీ గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటే, అసలు కారులో అది 36 మిల్లీమీటర్ల మందం రేకు. యుద్ధ ట్యాంకు రేకేమో అది! చక్రాల పైన అంచులు లోపలి వైపు నుంచి గీకి పల్చన చేశారా లేదా? ముందు అది చెప్పండి, సందు గురించి తర్వాత మాట్లాడదాం.

గరుకు_కాగితం

చేశానండీ, సగం. ఒక పక్క గీకుతుంటే బ్లేడు జారి అంచు కొంచెం విరిగింది. లప్పం పెట్టాను, ఆరుతోంది.

నలభైమూడు

ఈ గొడవంతా ఎందుకు, రేసు కారు చేసేయండి. నాస్కార్ రేసర్ రిచర్డ్ పెట్టీ నీలం కారు, 43 నంబరు. రేసు కార్లకి వినైల్ టాపే లేదు కదా, అతుకులు నున్నగా సాపు చేసి రంగు వేసుకున్నారు. 1969లో ఫోర్డ్‌కి వెళ్లిపోయిన పెట్టీ మళ్లీ ప్లిమత్‌కి వచ్చింది ఈ కారుకే. అద్దంలా చేసినా ఎవరూ ఏమనరు.

పాయింట్_టూ_నాజిల్

43 అందరూ చేస్తారండీ. 1970 డేటోనా 500 గెలిచింది పెట్టీ టీమ్‌లోదే ఇంకో కారు, పీట్ హామిల్టన్ నడిపిన 40 నంబరు. దాన్నెవరూ చేయరు. సరే, టాపిక్ మారిపోతోంది.

అంచు_పోగు

చాలా రోజులకి రాస్తున్నాను. నేను కార్ల కంటే రైలు ఇంజన్లు ఎక్కువ చేస్తాను, అయినా ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయాను.

మాది పోచంపల్లి వైపు. మా ఇంట్లో మగ్గం ఉంది. ఇక్కత్ చీరలో పువ్వు అంచు ఎప్పుడూ కత్తితో కోసినట్టు ఉండదు, కొంచెం చెదిరినట్టు ఉంటుంది. నూలు నేయకముందే కట్లు కట్టి రంగు వేస్తారు, నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. బజార్లో దొరికే ప్రింటు చీరలో అదే పువ్వు అంచు గీత గీసినట్టు ఉంటుంది. తెలిసినవాళ్లు చీర తిరగేసి చూడకుండానే, ఆ చెదురు చూసి అసలుదో కాదో చెప్పేస్తారు. లప్పం గారి బావమరిదికి తెలియకపోవచ్చు, కానీ మోడల్ ఒక్క బావమరిది కోసమే చేస్తామా?

గరుకు తమ్ముడూ, నీ సూపర్‌బర్డ్‌కి ఆ అతుకు అలాంటిదే. చెరపకు.

లప్పం_పెయింటు

అక్కా, మంచి మాట చెప్పారు, కానీ పోలిక కుదరలేదు. ఇక్కత్‌లో చెదురు పద్ధతిలోంచి వచ్చింది. ఎంత గొప్ప నేతగాడు నేసినా ఆ చెదురు ఉంటుంది. సూపర్‌బర్డ్‌లో వంకర సందు తొందరలోంచి వచ్చింది. ఇంకో రెండు గంటలు టైమిస్తే అదే పనివాడు సరిచేసేవాడు. మా నాన్న దగ్గర సాయంత్రం ఐదింటికి బండి ఇవ్వాలని కస్టమరు నెత్తిన కూర్చుంటే మేం చేసిన పని, నాలుగు రోజులు టైమిస్తే చేసిన పని పక్కపక్కన పెట్టి, మొదటిదే మా అసలు పనితనం అంటే మా నాన్న కర్ర తీసుకుంటాడు.

అంచు_పోగు

మీ నాన్నగారికి నమస్కారాలు. ఆయన కోణంలోంచి అది న్యాయమే. మరి నల్ల టాపు సంగతేంటి? అది కూడా తొందరలోంచి వచ్చిందే. దాన్ని కూడా తీసేయమంటారా?

లప్పం_పెయింటు

(ఒక రోజు తర్వాత)

నిన్నంతా ఇదే ఆలోచించాను అక్కా. షెడ్డులో ఎవరికైనా చెప్తే నవ్వుతారు.

టాపు తీసేస్తే అది సూపర్‌బర్డే కాదు. అంటే నేను వద్దంటున్న లోపం ఆ కారు నెత్తి మీదే ఉంది, దాన్ని ఇన్నాళ్లూ అందం అనుకుంటున్నాను. దొంగ అతుకు మీద వేసిన దుప్పటి అది. కాబట్టి ఒక మెట్టు దిగుతున్నా. టాపు మీద ఎంత పనైనా చెయ్యి తమ్ముడూ. దాని కింద రేకు అతుకు లీలగా ఉబ్బినట్టు చూపించగలిగితే నేనే సెల్యూట్ కొడతా. టాపు ఎందుకుందో అది చూసినవాడికి తెలుస్తుంది. ముక్కు సందు మాత్రం సమానంగా పెట్టు. అక్కడ వంకరకి కారణం కనపడదు, వంకర మాత్రమే కనపడుతుంది.

వుడ్‌వర్డ్_రోడ్డు

సందు మీద నేను దిగను. కారణం కనపడకపోయినా ఆ కారు అలాగే ఉంది. నేను చూశాను.

పాయింట్_టూ_నాజిల్

దిగకండి, కానీ భాగించండి.

గరుకు గారూ, టాపుకి ఒక చిట్కా. కిట్‌లో అచ్చుపోసిన తోలు గీతలు మరీ లోతుగా ఉంటే 600 నంబరు వాటర్ పేపర్‌తో తీసేయండి. తర్వాత నల్ల రంగు మామూలు కంటే దూరం నుంచి, కొంచెం ఎక్కువ గాలితో కొట్టండి. రంగు గాల్లోనే సగం ఆరి పొడిపొడిగా పడుతుంది. ఆ గరుకే ఈ స్కేల్లో వినైల్‌కి సరిపోతుంది. టాపు మీద కుట్టు గీతల కోసం, కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ ముక్కని కొవ్వొత్తి మీద తిప్పుతూ, మెత్తబడగానే రెండు చివర్లూ లాగండి. వెంట్రుకంత దారం వస్తుంది. దాన్ని అతికించి పైన రంగు కొట్టండి. మొదటి నాలుగుసార్లు తెగుతుంది, తిట్టుకోకండి. పసుపు కింద మాత్రం తెల్ల ప్రైమరే వాడండి. బూడిదరంగు ప్రైమర్ మీద పసుపు పడితే పచ్చకామెర్లు వచ్చినట్టు ఉంటుంది.

గరుకు_కాగితం

రెండు వారాలు కనపడనందుకు క్షమించండి. మా కాకినాడలో ఎడతెగని వాన. ఆ తేమలో క్లియర్ కోటు కొడితే పొగమంచు పట్టినట్టు తెల్లగా అయిపోయింది. పిచ్చిపట్టింది. వాన తెరిపిచ్చాక మళ్లీ పల్చగా కొడితే పోయింది.

చేసింది ఇది. ముందు ప్లాస్టిక్ చెంచాల మీద ట్రయల్ చూశాను. ఒక చెంచా వీపు మీద వెంట్రుకంత దారం అతికించి, దాని మీద రెండు పూతల సర్ఫేసర్ (గతుకులు పూడ్చే అడుగు పూత) కొట్టి, సగం దాకా సాన పట్టి, పైన నల్ల రంగు దూరం నుంచి కొట్టాను. ఎదురుగా చూస్తే ఏమీ లేదు. కిటికీ దగ్గర వాలుగా పట్టుకుంటే చర్మం కింద నరంలా ఒక గీత. మా ఆవిడకి చూపించాను. "చెంచా పగిలిందా?" అంది. లప్పం అన్న బావమరిది మాట గుర్తొచ్చింది.

అయినా కారు మీద అదే చేశాను, వెనకద్దం రెండు పక్కలా. ముక్కు సందు ఎడమ పక్క 0.25, కుడి పక్క 0.35. రెండు వర్గాలూ తిట్టుకోండి. ఫోటోలు పెట్టాను: టాపు మూడు, ముక్కు రెండు, ఇంజన్ ఒకటి.

లప్పం_పెయింటు

మూడో ఫోటో, వాలుగా తీసింది. మా నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఎవడ్రా ఇది, సర్ఫేసర్ సరిగ్గా సాన పట్టలేదు" అన్నాడు. కథంతా చెప్పాను. మళ్లీ చూసి, "అయితే బాగానే పట్టలేదు" అన్నాడు. దాన్ని ఎలా తీసుకుంటావో నీ ఇష్టం.

వుడ్‌వర్డ్_రోడ్డు

టాపు అద్భుతం. సందు ఇంకో పదో వంతు పెంచి ఉండాల్సింది, సరే.

ఇంజన్ ఫోటో ఇప్పుడే పెద్దది చేసి చూశాను. ఆరెంజ్ బ్లాకు, నల్ల వాల్వ్ కవర్లు, అన్నీ కరెక్ట్. హారన్ ఏంటి నల్లగా ఉంది? రోడ్ రన్నర్ కార్లకి ఉండే, ఆ కార్టూన్ పక్షిలా బీప్ బీప్ అనే హారన్ లేత ఊదారంగు కదా.

గరుకు_కాగితం

అయ్యో. బానెట్ అతికించేశాను.