లిఫ్ట్ చేసిన (బాడీ ఎత్తు పెంచిన) టయోటా హైలక్స్ పికప్‌కి ఏ టైర్ సైజ్ మంచిగుంటది?

హన్మకొండ పోరడు: అన్నా, బండికి 2 ఇంచుల లిఫ్ట్ ఏపిచ్చిన, ఇప్పుడు కంపెనీ 265/60 ఆర్18 టైర్లు చిన్నగ కొడ్తున్నయ్, తాడ్వాయి దిక్కు తిరుగుడు ఎక్కువ, వానకాలం ఒకటే బురద, 285/70 ఆర్17 ఎక్కియ్యాల్నా?

ములుగు డ్రైవర్: అది స్టీరింగ్ మొత్తం తిప్పితే లైనర్‌కి (టైర్ మీద లోపలుండే ప్లాస్టిక్ కవర్‌కి) రాసుకునే ఛాన్స్ ఉంది తమ్మీ. 265/70 ఆర్17 చాలు. ఎత్తు 803 మిల్లీమీటర్లు, నీది 775, అంటే వెనక యాక్సిల్ కింద జాగ 14 మిల్లీమీటర్లు పెరుగుతది, లిఫ్ట్ బాడీని లేపుతది గని ఆ యాక్సిల్‌ని లేపది, దాన్ని లేపేది టైరే. మీటర్ చూపిచ్చేదానికంటె బండి 3.6 శాతం ఎక్కువ ఉరుకుతది, చూస్కో.

నర్సంపేట 4×4: నల్లరేగట్ల ఏటీ (రోడ్డుకు, మట్టికి రెండిటికి నడిచే) టైర్ సందులు నిండిపోతయ్, ఎంటీ (బురద టైర్) అయితే బురద ఇడుస్తది, రోడ్డు మీద మోత మాత్రం భరించాలె. షోకుకు ఆఫ్‌సెట్ తక్కువున్న (చక్రం బయటికి పొడుచుకొచ్చే) రిమ్ములు ఎయ్యకు, బేరింగులు పోతయ్.