గొంతు రికార్డింగుకి పాతకాలం తరహా ప్రీయాంప్ కొనొచ్చా?

మధురవాడ_మైకు
ఇంట్లో చిన్న గది. రోడ్ ఎన్‌టి1 మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ 2ఐ2. భజన పాటలు, చర్చి పాటలు చేస్తాను. గొంతు పల్చగా వస్తోంది. మైకు సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ పెట్టె విడిగా కొందామని నలభై వేలు దాచాను. పాత స్టూడియోల ప్రీయాంప్ నీవ్ 1073 తరహాలో చేసిన గోల్డెన్ ఏజ్ ప్రీ-73 తీసుకోనా, ఇంకొన్నాళ్లాగి ఫోకస్‌రైట్ ఐఎస్ఏ వన్ తీసుకోనా?

పాతకొయ్య
ప్రీ-73 తీసుకో బాబూ. 1970లో వచ్చిన 1073కి అంత పేరు ఊరికే రాలేదు. సిగ్నల్ లోపలికొచ్చే చోట ఒక ట్రాన్స్‌ఫార్మర్, బయటికెళ్లే చోట ఇంకోటి, మధ్యలో క్లాస్ ఏ సర్క్యూట్. గెయిన్ (సిగ్నల్ పెంపు) ఎక్కించి అవుట్‌పుట్ నాబ్ దించితే గొంతు అడుగుభాగం చిక్కబడుతుంది. ఐఎస్ఏ వన్ మరీ శుభ్రంగా ఉంటుంది. ఆ ఫోకస్‌రైట్‌ని 1985లో మొదలుపెట్టిందీ 1073 పేరులో ఉన్న ఆ రూపర్ట్ నీవ్ గారేలే, అయినా నా ఓటు ప్రీ-73కే.

ఉప్పుగాలి
మాస్టారూ, పల్చదనం ప్రీయాంప్‌ది అనుకుంటే ఎలా? పాటగాడు మైకుకి ఎంత దూరంలో నిలబడుతున్నాడో అడిగారా? ఎన్‌టి1 కార్డియాయిడ్ మైకు, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువ పట్టేది. జానెడు దూరానికి రమ్మంటే బేస్ దానంతటదే పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు. గది ప్రతిధ్వని తగ్గేలా పాటగాడి వెనకాల రెండు బొంతలు కట్టమనండి. ఆ మైకు సొంత నాయిస్ (తనలోంచే వచ్చే సన్నని రొద) 4.5 డెసిబెల్సే. వీధిలో ఆటో మోత అంతకన్నా ఎక్కువ. మీ ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఆటోని కూడా చిక్కబరుస్తుంది.

తబలా_తాత
ఏది కొన్నా స్కార్లెట్‌లో లైన్ ఇన్‌పుట్‌కి పెట్టు, టీఆర్‌ఎస్ పిన్నుతో (హెడ్‌ఫోన్ పిన్ను లాంటి లావుది). మైకు వైరుకుండే మూడు కాళ్ల ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ను గుచ్చితే మళ్లీ స్కార్లెట్ ప్రీయాంప్ గుండానే పోతుంది.

పాతకొయ్య
అతను నాయిస్ గురించి అడిగాడా? గొంతు రంగు, అంటే ఆ చిక్కదనం గురించి అడిగాడు. ఒకప్పుడు లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో రెడ్ 37 కన్సోల్ (మిక్సింగ్ బల్ల) నిండా వి72 వాల్వు ప్రీయాంపులే ఉండేవి. అక్కడివాళ్లు బొంతలు కట్టుకోలేదు.

ఉప్పుగాలి
అక్కడి గది కూడా కొనిస్తారా మరి?

పాతకొయ్య
కంప్యూటర్‌లో ప్లగిన్ (పాత పెట్టెల్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) తగిలించి "వింటేజ్" అని రాసుకునేవాళ్లకి ఇది ఎక్కదు.

ఉప్పుగాలి
ఎస్‌ఎం7బి లాంటి, సిగ్నల్ తక్కువిచ్చే డైనమిక్ మైకైతే 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి, అప్పుడు మంచి ప్రీయాంప్ కొనమని నేనే చెబుతాను. ఎన్‌టి1 కండెన్సర్ మైకు, సిగ్నల్ గట్టిగానే ఇస్తుంది. ఇందులో ప్లగిన్ ప్రస్తావన ఎందుకొచ్చింది?

పాతకొయ్య
ఎందుకంటే మీ ఇంటి స్టూడియోవాళ్లు ఆ ప్లగిన్లతోనే పాటకి పన్నెండొందలు తీసుకుని మిక్సింగ్‌తో సహా ఇచ్చేస్తున్నారు కాబట్టి. ఏళ్ల తరబడి నా దగ్గరే పాడిన భజన బృందం ఈసారి ఫోను కూడా చెయ్యలేదు. నాకు గది అద్దె, కమర్షియల్ మీటరు, తేమకి పొద్దస్తమానం ఏసీ. మీరేమో అమ్మ వంటింటి పక్క గదిలో కూర్చుని నాకు నీతులు చెబుతారు.

ఉప్పుగాలి
అలా చెప్పండి! గొడవ పెట్టె గురించి కాదన్నమాట. నాదీ వినండి. నేనొక స్టూడియోలో అసిస్టెంటుగా చేశాను. ర్యాక్‌లో ఎర్ర నాబ్‌ల 1073 చూపించి గంట రేటు పెంచేవారు. వెనక చూస్తే దానికి వైరే లేదు. పాట మామూలు ఇంటర్‌ఫేస్‌లోకే పోయేది. పాడినాయన "ఆ వెచ్చదనం వేరండీ" అని మురిసిపోయి డబ్బిచ్చి వెళ్లాడు. నా జీతం మాత్రం పెరగలేదు.

గాజువాక_గిటార్
😂😂 ఏ స్టూడియో గురూ?

ఉప్పుగాలి
చెప్పను.

పాతకొయ్య
ఎవడో చేసిన మోసానికి నన్నెందుకు అంటావు? నా పెట్టె వెనక వైరుంది.

మధురవాడ_మైకు
మాస్టారూ, నేనూ పాటకి పన్నెండొందలే తీసుకుంటున్నాను. నన్ను కూడా తిట్టినట్టేనా?

పాతకొయ్య
నిన్నే ముందు తిట్టాలి. నలభై వేలు పెట్టి కొని, మళ్లీ పన్నెండొందలకే పాడిస్తావా? రేటు పెంచే ధైర్యముంటే కొను. లేకపోతే ఆ బొంతలే కట్టుకో.

ఉప్పుగాలి
బొంతలన్నది నేను. ఇప్పటికి ఒప్పుకున్నారు.

పాతకొయ్య
ఒప్పుకోలేదు. మైకూ, ఆదివారం సీతమ్మధార రా. ప్రీ-73 ఒక పూట ఇస్తాను. మీ పాటగాణ్ణి జానెడు దూరంలోనే నిలబెట్టి, స్కార్లెట్‌లో నేరుగా ఒకటి, దీన్లోంచి ఒకటి తీసి ఇక్కడ పెట్టు. ఏది ఏదో రాయకు.

ఉప్పుగాలి
రెండూ ఒకే వాల్యూమ్‌కి సరిచేసి పెట్టాలి. గట్టిగా ఉన్నదే అందరికీ బాగుందనిపిస్తుంది.

తబలా_తాత
టీఆర్‌ఎస్ పిన్ను మర్చిపోకు.